స్టిక్కర్ మీద రెండు లెక్కలుంటాయి, చెల్లె

మహబూబ్‌నగర్

చెల్లెకు, అన్న ఆశీస్సులు.

జర్మనీలో బిడ్డ కాన్పుకు నువ్వు పోయే సంగతి మీద నిన్న ఫోన్లో బావ "ఆరు నెలల వీసా వస్తదంట, పురుడు చూసుకొని, అన్నప్రాసన కూడా అయినంకనే వస్తది" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. మొదటిసారి మ్యూనిక్‌లో కొడుకు దగ్గరికి పోయినప్పుడు నాకూ ఒక ఏజెంటు అచ్చం అట్లనే చెప్పాడు.

నా పాస్‌పోర్టులో అంటించిన వీసా స్టిక్కర్ మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని నాలుగు నెలల గడువు ఉంది. దాని కింద చిన్నగా "డ్యూరేషన్ ఆఫ్ స్టే 60 డేస్" అని కూడా ఉంది. ఏజెంటు పై తేదీలే చూపించాడు, నేనూ అవే చూశాను. ఎనభయ్యో రోజుకు రిటర్న్ టికెట్ తీసుకున్నాను. అక్కడికి పోయి యాభై రోజులు దాటాక, మావాడు ఏదో కాగితం కోసం నా పాస్‌పోర్టు తెరిచి గతుక్కుమన్నాడు. టికెట్ మార్చుకోవడానికి కొత్త టికెట్ అంత ఖర్చయింది. మీ వదిన ఆ ఏజెంటును ఇప్పటికీ తిడుతుంది. నిజానికి కళ్ళద్దాలు పెట్టుకొని చదవాల్సింది నేనే.

పై తేదీలు తలుపు ఎన్నాళ్ళు తెరిచి ఉంటుందో చెబుతాయి. లోపల ఎన్ని రోజులు ఉండొచ్చో కింది అంకె చెబుతుంది. "ఎంట్రీస్" అన్న చోట 01 అని ఉంటే ఒక్కసారే లోపలికి, బయటికి వచ్చావంటే అయిపోయినట్టే. మల్ట్ అని ఉంటే ఎన్నిసార్లైనా పోయి రావచ్చు, కానీ రోజుల లెక్క మాత్రం తప్పదు.

ఆ లెక్క ఏమిటంటే, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. జర్మనీ ఒక్కటే కాదు, ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు, షెంజెన్ దేశాలంటారు, 29 ఉన్నాయి, అన్నిట్లో కలిపే ఈ 90. దిగిన రోజూ లెక్కే, విమానమెక్కిన రోజూ లెక్కే. ఇది ఉపాధి హామీ పని దినాల్లాగా ఏప్రిల్ ఒకటిన మళ్ళీ మొదటికి వచ్చే లెక్క కాదు. అక్కడ ఉన్న ప్రతి రోజూ, ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు చూసి ఎన్ని వాడావో లెక్కపెడతారు. వీసా కొత్తదైనా పాత రోజులు వెంటే వస్తాయి.

నీ తేదీలతోనే చెబుతాను. మార్చి 10న దిగి మే 30న బయల్దేరుతా అంటున్నావు. అంటే 82 రోజులు, బాగానే ఉంది. మళ్ళీ అన్నప్రాసనకు ఆగస్టు ఆఖర్లో పోవాలని నీ ఆలోచన. ఆగస్టు 28న దిగావనుకో, నీకు మిగిలినవి 8 రోజులే, సెప్టెంబరు 4కల్లా బయటపడాలి. అదే ఒక్కరోజు ఆగి 29న దిగితే, నీ ఎనిమిది రోజులు సెప్టెంబరు 5న పూర్తవుతాయి. ఆరో తేదీ నుంచి మార్చి నాటి రోజులు ఒక్కొక్కటిగా 180 నుంచి జారిపోతుంటాయి. రోజుకొకటి పోయి రోజుకొకటి చేరుతుంది కనుక నవంబరు 26 దాకా ఉండొచ్చు, నీ వీసాలో అన్ని రోజులు రాస్తేనే సుమా. నమ్మకం కుదరకపోతే పాలవాడి లెక్క పెట్టినట్టు క్యాలెండర్ మీద గీతలు గీసి చూడు. నేను అట్లనే చూశాను, రెండుసార్లు.

మొదటిసారి కాబట్టి నీకు ఒక్క ఎంట్రీయే ఇవ్వొచ్చు. అప్పుడు రెండోసారికి మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి. నన్నడిగితే ఆగస్టులో మీ వియ్యపురాలిని పంపండి. ఆమెకూ మనవడిని ఎత్తుకోవాలని ఉండదా?

"మూడు నెలలు కాగానే దుబాయ్ పోయి ఒక్కరోజుండి వస్తే మళ్ళీ కొత్తగా 90 మొదలవుతాయి" అని మీ వీధిలో ఎవరో చెప్పారట. అది ఉత్త మాట. అమెరికా పోయి ఆరు నెలలు ఉండి వచ్చినవాళ్ళ కథలు కూడా నీకు పనికిరావు. అక్కడ పదేళ్ళ వీసా ఉన్నా, ఎన్నాళ్ళు ఉండాలో దిగినప్పుడు ఇచ్చే ఐ-94 అనే రికార్డులోని తేదీ చెబుతుంది. లండన్‌ది మరో పద్ధతి, వీసా కూడా వేరే. పిన్ని కొడుకును చూడటానికి లండన్ పోతే ఆ రోజులు షెంజెన్ లెక్కలో పడవు. కానీ నీది ఒక్క ఎంట్రీ అయితే తిరిగి జర్మనీలో అడుగు పెట్టనివ్వరు.

ముందైతే ముద్రలు చూసి లెక్కపెట్టేవాళ్ళు. 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు, ఫోటో తీసుకొని కంప్యూటర్లో ఎక్కించే పద్ధతి మొదలైంది. ఒక్కరోజు ఎక్కువైనా అది పట్టుకుంటుంది. జరిమానా, కొన్నాళ్ళు రావద్దనే నిషేధం, తర్వాతి వీసాకు అడ్డు, ఇవన్నీ దాని వెంట రావొచ్చు. మనిషి ప్రాణం మీదికి వచ్చిన జబ్బులాంటి పెద్ద కారణముంటే గడువు లోపలే అక్కడి ఆఫీసులో అడగొచ్చు. బిడ్డ దగ్గర ఇంకో వారం ఉండాలనుందని అంటే ఒప్పుకోరు.

ఇక కాగితాలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 కూడా పడుతుంది, కాబట్టి జనవరి దాటనివ్వకు. ఫీజు 90 యూరోలు, దరఖాస్తు తీసుకునే వీసా సెంటర్ వాళ్ళ చార్జీ వేరే. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ కావాలి. నువ్వు తిరిగొచ్చే రోజుకు పాస్‌పోర్టుకు ఇంకా మూడు నెలల గడువు మిగలాలి, అది తీసుకొని పదేళ్ళు దాటి ఉండకూడదు. ఖర్చులు మేమే భరిస్తామని మేనకోడలు అక్కడి విదేశీయుల ఆఫీసులో హామీ పత్రం తీసి పంపాలి.

తిరిగొస్తావని వాళ్ళకు నమ్మకం కలగాలి. బావ పెన్షన్ కాగితాలు, మీ పట్టాదారు పాసుబుక్కు పెట్టండి. ఒక్క మాట, ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి దరఖాస్తుకు వారం ముందు అకౌంట్లో వేయకండి. స్టేట్‌మెంట్ చూసేవాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళు. పురుటికి పోతూ "ఊర్లు చూడటానికి" అని రాయొద్దు. బిడ్డ కాన్పుకు తల్లి పోవడంలో దాచేదేముంది?

వీసా రాకముందు టికెట్‌కు డబ్బు కట్టొద్దు, రిజర్వేషన్ చాలు.

నెయ్యి డబ్బా గురించి అడిగావు కదా, వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేనివ్వరు. బాలింత కారం, శొంఠి పెట్టుకో. స్టిక్కర్ చేతికి రాగానే ఆ పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చేయి. నేను చూసి ఫోన్ చేసినంకనే బావను టికెట్ కొనమను.

మీ అన్న