పాడుబడిన స్థలాన్ని పురపాలక సంస్థ నేరుగా పార్కుగా మార్చేయవచ్చా?

మార్చకూడదు, ముందు ఆ స్థలంపై చట్టబద్ధమైన హక్కు సంపాదించాలి. ఏళ్ల తరబడి తాళం తుప్పు పట్టినా, గోడ పగుళ్లలో మొక్కలు మొలిచినా యజమాని యజమానే. కాబట్టి స్థలాన్ని కొనాలి, లీజుకో దానంగానో తీసుకోవాలి, లేదంటే పరిహారం చెల్లించి సేకరించాలి. కొన్ని దేశాల్లో పన్ను బకాయిల కింద కూడా స్వాధీనం చేసుకుంటారు.

న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద వెలసిన హైలైన్ పార్కునే చూడండి. 1980లో చివరి రైలు వెళ్లాక పట్టాల మధ్య పిచ్చిమొక్కలు ఏపుగా పెరిగాయి. అయినా 2005లో రైల్వే కంపెనీ ఆ వంతెనను నగరానికి దానమిచ్చాకే నిర్మాణం మొదలైంది; 2009లో తొలి భాగం తెరిచారు.

‘ఎవరూ వాడకపోతే అది సర్కారుదే’ అన్నది అపోహ. యజమానికి వారసులెవరూ లేకపోతే ప్రభుత్వానికి చేరవచ్చు, అదీ చట్టపరమైన తతంగం ముగిశాకే.