పుచ్చలో పిందె రాలడానికి కారణం పండుఈగ కాదు, బోరాన్ లోపమూ కాదు

ప్రశ్న: ఎకరన్నరలో మల్చింగ్ షీటు, డ్రిప్పు వేసి పుచ్చ పెట్టాను. పంట వయసు 42 రోజులు. ఆడపూలు బాగానే వస్తున్నా పిందెలు ఉసిరికాయంత కాకముందే పసుపు తిరిగి రాలుతున్నాయి. నిలిచిన కాయలు తొడిమ దగ్గర సన్నబడి వంకరపోతున్నాయి. పండుఈగ, బోరాన్ లోపం అని డీలరు చెబితే బోరాన్‌తో పాటు థయామిథాక్సామ్, ఫిప్రోనిల్ మందులను నాలుగు రోజులకోసారి ఉదయం పూట కొడుతున్నాను. ఇంకా ఏ మందు వాడాలి?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఇప్పుడు ఏ మందూ కొట్టవద్దు. పండుఈగ ఆశించి ఉంటే పిందె మీద గుచ్చిన గుర్తు, దాని నుంచి కారిన జిగురు, కోస్తే లోపల తెల్లని పురుగులు కనిపించాలి. మీరు వాటి మాటే రాయలేదు. వంకరపోయిన కాయను ఒకదాన్ని నిలువుగా కోసి చూడండి. సన్నబడిన వైపు గింజలు సరిగా కట్టి ఉండవు. ఇది పుప్పొడి చాలక వచ్చిన నష్టం, అంటే మీ తోటలో తేనెటీగలు తిరగడం లేదు.

పుచ్చలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. పుప్పొడి బరువుగా, జిగురుగా ఉండడం వల్ల గాలికి ఎగిరి ఆడపువ్వును చేరదు, దాన్ని తేనెటీగలే మోసుకురావాలి. పువ్వు సూర్యోదయం తరువాత విచ్చుకుని ఆ రోజే వాడిపోతుంది కనుక ఉదయం ఆ కొద్ది గంటల్లోనే తేనెటీగలు ఒక్కొక్క ఆడపువ్వు మీద పలుమార్లు వాలి, కీలాగ్రానికి (పువ్వు మధ్యలో పుప్పొడి అంటుకునే భాగానికి) ఉన్న మూడు తమ్మెల మీదా పుప్పొడి రాల్చితేనే కాయలో వందల గింజలు కట్టి అన్ని వైపులా సమంగా ఊరుతుంది. మీరు సరిగ్గా ఆ గంటల్లోనే, తేనెటీగలకు అత్యంత ప్రమాదకరమైన రెండు మందులను పూల మీద చల్లుతున్నారు. తడిసిన పుప్పొడి కూడా పాడవుతుంది కాబట్టి ఉదయం పూట బోరాన్ ఒక్కటే కొట్టినా నష్టమే. పూత మీదున్న తోటలో ఈ మందులు కొట్టమని చెప్పడం సలహా కాదు, సరుకు అమ్ముకోవడం. పిందె రాలితే అడగవలసింది దుకాణంలో కాదు, రైతు సేవా కేంద్రంలో.

పుచ్చకు పిందె పట్టిన 30–35 రోజులకు కాయ కోతకు వస్తుంది కనుక ఈ పది పన్నెండు రోజుల్లో పట్టే పిందెలే మీ దిగుబడి. వంకర కాయలను వెంటనే తుంచేయండి. అవి తీగ మీద ఉన్నంత కాలం కొత్త పిందెలు నిలవవు. ఉదయం 6 నుంచి 9 గంటల మధ్య అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు కీలాగ్రం మూడు తమ్మెలకూ మెల్లగా తాకించండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. మీది గింజలేని రకమైతే దాని పుప్పొడి పనికిరాదు, గింజలున్న రకం మగపూలే వాడాలి.

కొట్టిన మందుల ప్రభావం పూర్తిగా తగ్గే వరకు తేనెపెట్టెలు తెచ్చి పెట్టవద్దు, తెస్తే ఆ ఈగలూ చస్తాయి. వచ్చే పంటలో పూత మొదలై పదిశాతం పూలు విచ్చాక ఎకరాకు రెండు పెట్టెలు పొద్దుగూకాక తెచ్చి, గట్టు మీద నీడలో, దగ్గరలో నీరు ఉండేలా పెట్టండి. అంతకు ముందే పెడితే అవి చుట్టుపక్కల పూలకు అలవాటు పడతాయి. బోరాన్ అవసరమనుకుంటే 2–4 ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ ఒక్కసారి చాలు. అది ఆడపూల సంఖ్య పెరగడానికే గాని, పూసిన పువ్వును కాయ చేయడానికి కాదు.

ఆకుల రసం పీల్చే తామర పురుగులు మొవ్వకుళ్ళు వైరస్‌ను వ్యాపింపజేస్తాయి కనుక వాటిని పూర్తిగా వదిలేయమని నేను అనడం లేదు. జిగురు అట్టలు కట్టండి. ఉధృతి కనిపిస్తే 1500 పి.పి.ఎం. వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున సాయంత్రం 5 గంటల తరువాత, పూలు ముడుచుకున్నాకే కొట్టండి. థయామిథాక్సామ్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి అంతర్వాహిక మందులను పూత దశలో డ్రిప్పు ద్వారా కూడా ఇవ్వవద్దు. వేరు పీల్చిన మందు పూలలోని తేనెలోకి, పుప్పొడిలోకి చేరుతుంది. మీ పక్క పొలం రైతుకూ ఈ మాట చెప్పండి, ఎందుకంటే ఆయన ఉదయం కొట్టే మందుకు చచ్చేవి మీ తోటకు రావలసిన తేనెటీగలే.