రెండు తలల కోడిపిల్ల: గండభేరుండం అంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది యాదగిరిగుట్ట దగ్గర పల్లె. పన్నెండు గుడ్లతో నాటుపెట్టను పొదగేశాం. ఏడు పిల్లలయ్యాయి, అయిదు గుడ్లు మురిగిపోయాయి. ఒక పిల్లకు ఒకే మెడ మీద రెండు తలలు, రెండు ముక్కులు ఉన్నాయి. నృసింహ జయంతి ముందురోజే పుట్టిందని ఊరంతా గండభేరుండం అంటోంది. పసుపు కుంకుమ తెచ్చి చూసిపోతున్నారు. ఒకాయన ఇరవై వేలిస్తా అమ్మమంటున్నాడు. మా అమ్మేమో అరిష్టం, పెట్టను వదిలించుకో అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. పిల్ల బతుకుతుందా? ఆ పెట్టను మళ్లీ పొదగేయొచ్చా? గుడ్లు ఇరవై రోజులు బియ్యం డబ్బాలో దాచాం. (ఒక రైతు, యాదాద్రి భువనగిరి జిల్లా)

జవాబు: పెట్టను అమ్మకండి, దాని తప్పేమీ లేదు. పిల్ల బతకడం కష్టం. చూడవచ్చే జనాన్ని మాత్రం ఇవాళే ఆపండి.

మీ ఊరివాళ్లకు ఆ పేరు తోచడంలో వింత లేదు. గుట్ట మీద స్వామి అయిదు రూపాల్లో వెలిశాడంటారు, అందులో గండభేరుండ నరసింహుడు ఒకరు. హిరణ్యకశిపుణ్ని చంపాక కూడా స్వామి ఉగ్రం తగ్గలేదు. శాంతింపజేయడానికి శివుడు సింహమూ పక్షీ కలిసిన శరభంగా వస్తే, స్వామి అంతకన్నా బలమైన రెండు తలల పక్షిగా మారాడని వైష్ణవులు చెప్పుకుంటారు. శైవుల కథలో గెలుపు శరభానిదే! విజయనగర రాజు అచ్యుతదేవరాయల బంగారు నాణేల మీద ఈ పక్షి ముక్కులతో, గోళ్లతో ఏనుగులను పట్టుకుని ఉంటుంది. శివమొగ్గ జిల్లా బళ్లిగావిలో 1047లో నిలిపిన స్తంభం మీద మనిషి ఒంటితో, రెండు పక్షి తలలతో కనిపిస్తుంది. కర్ణాటక ప్రభుత్వ ముద్రలోనూ ఉన్నది ఇదే.

ఏనుగులను ఎత్తే ఆ పక్షికీ, నూక గింజ ఎత్తలేని మీ పిల్లకూ సంబంధం లేదు. నన్నడిగితే మీ పిల్లకు దగ్గరగా ఉన్నది పంచతంత్రంలోని భారుండ పక్షి. దానికి తలలు రెండు, కడుపు ఒకటే. ఒక తల తీయటి పండు దొరికితే పంచుకోకుండా తినేసింది. రెండో తల కోపంతో విషపు పండు మింగింది. రెండూ చచ్చాయి. ఆ కథ అల్లినవాళ్లు ఎక్కడో ఇలాంటి పిల్లను చూసే ఉంటారని నా అనుమానం. ఎందుకంటే ఇలాంటి పిల్లలకు అసలు చిక్కు మేత దగ్గరే వస్తుంది.

గుడ్డులోంచి బయటికి వచ్చాక మూడు రోజుల వరకు పిల్లకు కడుపులో మిగిలిన పచ్చసొనే ఆహారం. ఆ తర్వాత తినాలి. ఏ ముక్కుతో నీళ్లు అందుకుంటుందో గమనించి, ఆ ముక్కు కొసను మాత్రమే నీళ్లలో ముంచండి. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. పిండిలా దంచిన మేతను తడిపి పెట్టండి. గంప కింద 60 వాట్ల బల్బు వేలాడదీసి మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉంచండి. తల బరువుకు బోర్లా పడుతుంటే పాత గుడ్డను చుట్టగా చేసి మెడ కింద పెట్టండి. ఇంత చేసినా నాలుగో రోజుకు మేత ముట్టకపోతే పశువైద్యుణ్ని పిలవండి, బాధ లేకుండా ముగించడమే మంచిదని ఆయన చెబితే వినండి. ఆ ఇరవై వేలకు ఆశపడి, రెండు రోజుల్లో చచ్చే పిల్లను అమ్మి మాట పడకండి.

ఇక ఎందుకిలా అయిందంటారా? చాలామంది రెండు సొనల గుడ్డులోంచి వచ్చిందనుకుంటారు. కాదు. రెండు సొనలుంటే రెండు వేరు వేరు పిండాలు మొదలవుతాయి, ఇరుకు వల్ల అవి దాదాపు ఎప్పుడూ బయటికి రావు. మీ పిల్ల ఒకే పిండం. తొలి గంటల్లో సగం చీలి, అక్కడే ఆగిపోయింది. నాలుగు కాళ్ల పిల్లలూ కొన్నిసార్లు ఇలాగే వస్తాయి. హేచరీల్లో అలాంటివాటిని నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

గుడ్డు పెట్టేనాటికే అందులో పిండం వేల కణాలుగా పెరిగి ఉంటుంది. చల్లగా ఉంటే నిద్రపోతుంది. 20 డిగ్రీలు దాటితే మెల్లగా కదులుతుంది. చైత్రం ఎండల్లో మీ బియ్యం డబ్బా పగలు 38, 40 డిగ్రీలకు వేడెక్కి, తెల్లవారుజామున చల్లబడి ఉంటుంది. పిండం లేవడం, ఆగడం, మళ్లీ లేవడం ఇరవై రోజులు సాగింది. అయిదు గుడ్లు మురగడానికి నేను ముందు అనుమానించేది దీన్నే. వంకర పిల్లలు పుట్టడానికీ ఇది దారి తీస్తుంది. పెట్ట పురుగుమందు చల్లిన పత్తి చేలో తిరిగిందేమో కూడా గుర్తు చేసుకోండి. కొన్ని పురుగుమందులు గుడ్డులోకి చేరితే పిండం ముక్కు, కాళ్లు వంకరపోతాయి.

జనాన్ని ఎందుకు ఆపమన్నానంటే, వచ్చేవాళ్ల ఇళ్లలోనూ కోళ్లుంటాయి. కోళ్లను చంపే కొక్కెర తెగులు వైరస్ చెప్పులకు, చేతులకు అంటుకుని వస్తుంది. వింత పిల్లను చూడనిస్తే మిగిలిన ఆరూ పోవచ్చు. ఆ తెగులు రాకుండా ఏడో రోజున వాటికి లసోటా టీకా కంట్లో చుక్క వేయించండి, రెండు నెలలకు ఆర్‌2బి టీకా సూది తప్పకుండా వేయించండి.

పెట్ట మళ్లీ గుడ్లకు వచ్చాక ఏ గుడ్డు ఏ రోజు పెట్టిందో పెన్సిల్‌తో దాని మీదే రాయండి. వెడల్పు కుండలో తడి ఇసుక పోసి, పైన గోనె పరిచి, మొన కిందికి ఉండేలా గుడ్లు నిలబెట్టి, నీడన ఉంచండి. ఎండాకాలంలో అయిదు రోజులు దాటినవి వండుకోండి, పొదగేయకండి. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే ఉంచండి, ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయండి.