4049లో ‘యూబీ’ రకమే కావాలి

నమస్కారమండీ. చిత్తూరులో మీరు కట్టుకున్న ఓవర్‌డ్రైవ్ పెడల్ (గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే పరికరం) గిటార్ మీటకముందే కీచుమంటోందని, తిరుపతిలో కొన్న చిప్‌పై 4049 తరువాత ‘బీ’ మాత్రమే ఉందని రాశారు. లోపం మీ సోల్డరింగ్‌లో కాక ఆ అక్షరంలోనే ఉన్నట్లుంది. ‘యూబీ’ (అన్‌బఫర్డ్) రకంలో చిప్‌లోని ఒక్కో ఇన్వర్టర్‌కు (సంకేతాన్ని తలకిందులు చేసే సర్క్యూట్‌కు) ఒకే అంచె ఉండటం వల్ల, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ (అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కు కలిపే నిరోధకం) దానిని సరఫరా వోల్టేజీలో సుమారు సగం వద్ద నిలిపినప్పుడు, అది శబ్దాన్ని మృదువుగా చిట్లించే యాంప్లిఫయర్‌గా పనిచేస్తుంది. ‘బీ’ రకంలో సాధారణంగా మూడు అంచెలుంటాయి కనుక గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) మితిమీరి తనంతట తానే డోలనం చెంది కీచుమంటుంది. సీడీ4049యూబీఈ తీసుకోండి. సీడీ4069యూబీ కూడా పనికివస్తుంది గానీ దాని కాళ్ల అమరిక వేరు: సరఫరా 14, గ్రౌండ్ 7, 4049లో అవి 1, 8. దుకాణంలో 74హెచ్‌సీయూ04 ఇవ్వజూపితే వద్దనండి. అదీ అన్‌బఫర్డే అయినా 6 వోల్టుల వరకే ఉద్దేశించినది, మీది 9 వోల్టుల బ్యాటరీ. వాడని ఇన్‌పుట్లను గ్రౌండ్‌కు కలపండి.