అమ్మ అద్దానికి టవల్ కప్పింది అన్నవాళ్ళకు

అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి మూడు నెలలైంది, కీమో నడుస్తుంది, అమ్మ బీరువా అద్దానికి టవల్ కప్పేసింది, ఎట్ల నచ్చజెప్పాలె అని అడిగిండ్రు గదా. నచ్చజెప్పకుండ్రి. ఆ టవల్ గూడ మీరు తియ్యకుండ్రి.

నాకు 2019ల ఎడమ రొమ్ము తీసేసిండ్రు. మాది మల్కాజిగిరి. అందరు జుట్టు గురించే అడుగుతరు గానీ నాకది అంత పెద్దగ అనిపించలే, మొదటి కీమో అయి రెండు వారాలు దాటంగనే దువ్వెనకు కుచ్చులు కుచ్చులు వస్తుంటె గుండు గీయించుకున్న, కిరాణం షాపామె "తిర్పతి పోయొచ్చిండ్రా మేడం" అంటె ఔనన్న, లడ్డు ఏది అంటదేమోనని వారం దాకా ఆ గల్లీల పోలే.

నా పాణం తీసింది వేరే సంగతి. ఆ గడ్డ ఒక్కనాడు నొయ్యలే. చాలామందికి నొయ్యదంట, నాకప్పుడు తెల్వదు. దాన్ని లోపల పెట్టుకొనే పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టిన, సికింద్రాబాద్ బస్సుల నిలబడి పోయిన, చెల్లె పెండ్లిల ఎగిరిన, ఒళ్ళు నాకొక్క మాట చెప్పలే. ఇగ అటెన్క దాన్ని ఎట్ల నమ్మాలె? తల నొస్తె మెదడుకెక్కిందేమో, నడుం పట్టేస్తె బొక్కలకు పాకిందేమో. చెకప్ డేట్ దగ్గరికొస్తె ఇప్పటికీ అన్నం దిగదు.

ఇంకోటి, మీ అమ్మ చెప్తె నవ్వకుండ్రి: లేని రొమ్ము దురద పెడ్తది. నరాలు తెగినంక అట్లయితదని డాక్టరమ్మ చెప్పేదాక నాకు పిచ్చి లేసిందనుకున్న. చంక కింద ముట్టుకుంటె మాత్రం ఎవరిదో తోలు ముట్టుకున్నట్టుంటది. రెండో రకం కీమో, పాక్లిటాక్సెల్ అంటరు, దాంతోని వేళ్ళు మొద్దుబారి జాకిట్ హుక్కులు పెట్టరాకపోయేది, నడుస్తుంటె కాలికెల్లి చెప్పు ఊడినా తెల్వకపోయేది. ఇట్లాంటివి దాచుకోకుండ డాక్టర్‌కు చెప్పమనుండ్రి, మందు డోసు తగ్గిస్తరు ఒక్కోసారి.

జాకిట్ల దూది పెడితె తేలికకు పైకి జరిగి గొంతుకాడికొచ్చేది, టైలరామె బట్ట సంచి కుట్టి ఆవాలు పోసిచ్చింది, అప్పుడు గాని భుజాలు సమంగ నిలబడలే. చంకల గ్రంథులు గూడ తీసిండ్రు గనక చెయ్యి వాస్తదని, ఆ చేతికి సూది వద్దు, బీపీ పట్టీ వద్దన్నరు. ఆ ఏడాది బోనం మా చెల్లె ఎత్తుకుంది. నేను వెనక నడిచిన, చెయ్యికేమైందని ఎవరు అడగలే గానీ అందరు నా జాకిట్ దిక్కే చూస్తున్నట్టుండె.

నేను మొదటిసారి చూసుకున్నది అద్దంల గాదు. స్నానం చేస్తుంటె స్టీలు బకెట్ మీద కనబడ్డ, వంకర టింకరగ. అట్ల చూసుడు సుళువైంది. అంతకుముందు చాన్నాళ్ళు కండ్లు మూసుకొని చెయ్యితోనే తడుముకున్న. మీ అమ్మకు గూడ ముందు చెయ్యి, అటెన్క కన్ను. కుట్లు మానినయని డాక్టర్ అన్నంక కొబ్బరినూనె రాయాల్నా అమ్మా అని అడుగుండ్రి, వద్దంటె ఊకోండ్రి. "బతికినవ్ గదా, అది చాలు" అని మాత్రం అనకుండ్రి, మా అత్తమ్మ అన్నది, ప్రేమతోనే అన్నది, ఆ పూట లేచి బాత్రూంల కూసున్న.

మా అద్దం మీద చున్నీ నాలుగు నెలలుండె. ఒకరోజు పిల్ల బడికి లేటైతుంటె రిబ్బన్ సరిగ్గుందో లేదో దానికి చూపిద్దామని నేనే గుంజిన, మళ్ళ కప్పుడు యాదికి రాలే.