రాత్రి బడి చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

బిడ్డా,

మన బస్తీ రాత్రి బడి చరిత్ర రాస్తానన్నావట, మీ నాయన చెప్పిండు. సంతోషం. పాత హాజరు రిజిస్టర్లు దొరికితే మాత్రం వయసు గడిని నమ్మకు.

1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15 నుంచి 35 ఏళ్ల వాళ్ల కోసం. 1988లో వచ్చిన జాతీయ సాక్షరతా మిషన్ కూడా ఆ వయసునే పట్టుకుంది. మరి మనవడిని చంకనేసుకొని వచ్చిన ముసలామెను వెళ్లిపొమ్మంటామా? 34 అని రాసి కూర్చోబెట్టేవాళ్లం. రిజిస్టర్ నిండా 33, 34, 35 కనబడితే ఆ ఇళ్లకు పోయి అసలు సంగతి అడుగు.

బాగా పెద్దవాళ్లయితే ఇంకో చిక్కు. నిజాం కాలంలో సర్కారు బడి చదువు ఉర్దూలో. హైదరాబాదులో తెలుగు గ్రంథాలయం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే పుట్టినా, తెలుగు అక్షరం అందరి ఇంటిదాకా రాలేదు. ఉర్దూ చక్కగా చదివే తాత తెలుగు దిద్దుకోవడానికి వచ్చి ఉంటాడు. ఆయన్ని నిరక్షరాస్యుల లెక్కలో వేయకు.

బడికి వచ్చినవాళ్లను ‘చదువుతో ఏం లాభమైంది’ అని అడగొద్దు. అధికారులకు చెప్పి చెప్పి ఆ జవాబు వాళ్లకు నోటికి వచ్చు. మొదట ఏ బస్సు బోర్డు చదివినవ్, వేలిముద్ర మాని ఏ కాగితం మీద సంతకం పెట్టినవ్ అని అడుగు. ఎందుకు మానేసినవ్ అని తప్పక అడుగు. మా దగ్గర సగం మంది ఆడవాళ్లు మానేసింది బద్ధకంతో కాదు, నల్లా సరిగ్గా క్లాసు టైముకే వచ్చేది. నీళ్ల టైము మారిన నెల హాజరు చూడు, నీకే తెలుస్తుంది. బతుకమ్మ తొమ్మిది రోజులు ఎట్లాగూ ఖాళీయే.

సాక్షరతా ఉద్యమం రోజుల్లో జీతం లేకుండా చెప్పిన కాలేజీ పిల్లలుంటారు. జీతం లేదంటే జీతాల పట్టీలోనూ పేరుండదు. మన బడిలో చదువుకున్న ఆడవాళ్లనే అడిగి ఆ పిల్లలను పట్టుకో. ఆనాటి పత్రికల కోసం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పో. ప్రారంభోత్సవం ఫొటోకు రెండు వాక్యాలు చాలు. రిబ్బన్ కత్తిరించిన పెద్దమనిషి మళ్లీ వస్తే కదా!

అచ్చుకు ఇచ్చేముందు ఎవరి సంగతి వాళ్లకు చదివి వినిపించు. పేరు వద్దన్నవాళ్ల పేరు తీసెయ్. అత్త రాత్రి బడిలో అక్షరాలు దిద్దిందని కొందరి కోడళ్లకు ఇప్పటికీ తెల్వదు.

నీ మేనత్త