కార్లో చార్జర్ పెట్టినా ఫోన్ చార్జింగ్ తగ్గిపోతుంటే

మ్యాప్ ఆన్‌లో ఉంటే చార్జర్ పెట్టినా చార్జింగ్ తగ్గిపోతోందన్నారు కదండీ, ముందు చార్జర్ మీద సన్నటి అక్షరాల్లో "అవుట్‌పుట్" అని ఉన్నచోట చదవండి. 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది 5 వాట్లే. స్క్రీను, జీపీఎస్, డేటా కలిసి దాన్ని మింగేస్తాయి. టైప్-సి పోర్టు, పవర్ డెలివరీ (ఫోనూ చార్జరూ కుదుర్చుకుని ఎక్కువ వోల్టేజీతో చార్జ్ చేసే పద్ధతి) ఉన్న 20 వాట్లకు తగ్గని చార్జర్ తీసుకోండి. అవుట్‌పుట్‌లో 9 వోల్టులు తప్పకుండా ఉండాలి. మీది శామ్‌సంగ్ అయితే పీపీఎస్ (ఫోన్‌కి కావలసినట్టు వోల్టేజీని కొద్దికొద్దిగా మార్చే పద్ధతి) కూడా చూడండి, అది లేకపోతే శామ్‌సంగ్ వాళ్ల "సూపర్ ఫాస్ట్" చార్జింగ్ రాదు.

డబ్బా మీద పెద్దగా వేసే వాట్లు చూసి మాత్రం కొనకండి! చాలావాటికి అది అన్ని పోర్టులూ కలిపిన లెక్క. ఒక్క పోర్టుకి ఎంతో విడిగా చూడాలి.

కేబుల్ కూడా మార్చండి, మీటరు పొడవు చాలు. సన్న తీగలో వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. సాకెట్‌లో వదులుగా ఊగే చార్జర్ వద్దు, కుదుపు వచ్చినప్పుడల్లా కనెక్షన్ తెగుతుంది. ఫోన్‌ని ఎండ తగిలేచోట బిగించకండి. వేడెక్కితే ఫోనే చార్జింగ్ తగ్గించేస్తుంది.